పెద్దావిడ మంచం

మిషనక్క ఎప్పుడూ పరుపుతోనే మొదలుపెట్టేది. నేల మీది దుమ్ము ఎవరికైనా కనిపిస్తుంది, దాన్ని చూపించి ఎవరినీ ఒప్పించలేం. అదే ఉతికిన దుప్పటి తీసి, కింద పరుపు మీద ఒక్కసారి గొట్టం నడిపి, మిషన్ కడుపులో పేరుకున్న బూడిదరంగు పొడిని చూపిస్తే ఎంతటి ఇల్లాలైనా నోరు వెళ్ళబెట్టాల్సిందే. వాక్యూమ్ క్లీనర్ల కంపెనీలో ఆమె ఉద్యోగానికి వేరే ఏదో పెద్ద పేరుంది. ఇల్లిల్లూ తిరిగే దారుల్లో మాత్రం అందరికీ ఆమె మిషనక్కే. తలుపు తట్టి తనే అలా చెప్పుకునేది. "మిషనక్కనండీ, కొనక్కర్లేదు, చూస్తే చాలు."

మూడో అంతస్తు ఫ్లాట్ ఇంటావిడ ఆ రోజు చూడ్డానికి ఒప్పుకుంది. పక్క ఫ్లాట్ల నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళను కూడా పిలిచింది. హాల్లో అడుగుపెట్టగానే మిషనక్కకి సంగతి అర్థమైంది. కుర్చీల మీద దిండ్లు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. కిటికీ అద్దం ఉందో లేదో తెలియడం లేదు. ఈ ఇంటావిడ మిషన్ కొనడానికి కాదు, తన ఇంట్లో దుమ్ము దొరకదని నలుగురి ముందూ నిరూపించడానికి పిలిచింది.

"ఇక్కడ మీ పప్పులుడకవు," అంది స్నేహితురాళ్ళలో పొడుగావిడ, నవ్వుతూ. "ఈవిడ ఇంట్లో దుమ్ముకి కూడా చెప్పులు విప్పి రావాలి."

"శుభ్రమైన ఇల్లే కావాలండీ నాకు. నా మిషన్ సత్తా అక్కడే తెలుస్తుంది," అంది మిషనక్క ఏమాత్రం తడబడకుండా. "ఏ మంచం చూద్దాం?"

ఇంటావిడ అత్తగారి గది తలుపు తీసింది. అక్కడ ఆయా అప్పుడే దుప్పటి మారుస్తోంది. తుంటి ఎముక విరిగినప్పటినుంచీ చక్రాల కుర్చీకి పరిమితమైన పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. మిషన్ చూసి ఆయా చేతిలోని దుప్పటి మంచం మీద పరిచేసింది.

"ఈ గది వద్దమ్మా. పెద్దమ్మగారు నడుం వాల్చే టైము," అంది.

"ఐదు నిమిషాల పనికి ఏమవుతుందిలే," అని ఇంటావిడే దుప్పటి లాగేసింది.

మిషనక్క గొట్టాన్ని పరుపు అంచు వెంట, కుట్టు మీదుగా నడిపింది. డబ్బాలో పొడి తిరిగింది. ఆ పొడి వెనకే యాపిల్ గింజల్లాంటివి టపటపా వచ్చి పడ్డాయి. గింజలైతే కదలవు. ఇవి డబ్బా గోడకి కాళ్ళు ఆన్చి పైకి పాకుతున్నాయి.

"అమ్మో, నల్లులు!" పొడుగావిడ ఒక్క గెంతులో గుమ్మం దాటింది. రెండో ఆవిడ తన ఒళ్ళంతా దులుపుకుంది.

ఇంటావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె చూపు మంచం మీదినుంచి గోడ మీదికి, గోడ మీదినుంచి మూలన ఉన్న గుడ్డసంచి మీదికి వెళ్ళి అక్కడ ఆగింది. ఆయా మార్చుకునే బట్టలు తెచ్చుకునే సంచి అది.

"నువ్వే తెచ్చావు కదూ," అంది. "నీ సంచిలోనే వచ్చాయి. ఆ మాటొస్తే నీ ఇల్లెలా ఉంటుందో నేనెప్పుడైనా చూశానా?"

ఆయా ఒక్కసారి పెద్దావిడ వైపు చూసింది. పెద్దావిడ కిటికీ వైపు తిరిగింది. ఆయా తల దించుకుని సంచి తీసుకుంది.

"వెళ్తానమ్మా," అంది. అంతే.

మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. మిషనక్క నోరు తెరిచింది. మాట బయటికి వచ్చేలోపు పొడుగావిడ ముక్కు మూసుకుని, "ముందు ఆ మిషన్ బయట పెట్టండి బాబూ!" అని అరిచింది.

మెట్ల మీద ఆయాని అందుకుంది మిషనక్క.

"నువ్వు తేలేదు. నాకు తెలుసు," అంది ఆయాసపడుతూ. "ఆ కుట్టు నిండా నల్లమచ్చలున్నాయి, విడిచిన పెంకులున్నాయి. నిన్నా మొన్నా వచ్చినవి కావవి. ఎప్పట్నుంచో కాపురం ఉంటున్నాయి."

"ఉంటే ఉన్నాయిలెండి," అంది ఆయా.

"అదేంటి? నోరు విప్పి ఒక్క మాట అనలేవా?"

"నాలుగిళ్ళు తిరిగేవాళ్ళం. ఏం పోయినా మేమే తీసినట్టు, ఏం వచ్చినా మేమే తెచ్చినట్టు. కొత్తేం ఉంది?" అని ఆయా కిందికి దిగింది.

మొదటి అంతస్తులో ఒక ముసలాయనకి స్నానం చేయించి, మందులిచ్చే పని కూడా ఆమెదే. ఆ తలుపు దగ్గర ఆగి బెల్లు కొట్టింది. తలుపు గొలుసు తీయకుండానే జానెడు తెరుచుకుంది. లోపలినుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "నువ్వా... ఇవాళొద్దులే. అవసరమైతే మేమే పిలుస్తాం." ఆయా మెట్లు దిగేలోపే పైనుంచి కబురు ఫోన్లో దిగింది. మూసిన తలుపు ముందు ఆయా కాసేపు నిలబడి, సంచి భుజం మార్చుకుని వెళ్ళిపోయింది.

మిషనక్క మెట్ల మీద మిషన్ పక్కనే కూలబడింది. ఇన్నేళ్ళుగా ఎన్ని పరుపులు, ఎంత పొడి! జనం ముందు దుమ్ము తీసి చూపించడం తప్ప, ఆ దుమ్ము చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. లేచి చీర దులుపుకుంది. "సరే, తీసింది నేనేగా. పూర్తిగా తీసే వెళ్తాను," అనుకుంది.

మర్నాడు డ్యూటీ ఎక్కకముందే వెళ్ళి బెల్లు కొట్టింది. ఇంటావిడ తలుపు సగమే తెరిచింది. కళ్ళ కింద నల్లని చారలు. జుట్టు దువ్వుకోలేదు.

"మీరా! ఇంకా ఏం చూపిద్దామని వచ్చారు?"

"చూపించడానికి కాదండీ, తీసేయడానికి. ఎవరినీ పిలవొద్దు. తలుపు వేసేసుకుందాం."

ఇంటావిడ కొంచెంసేపు ఆమెను ఎగాదిగా చూసి పక్కకి తప్పుకుంది. లోపలికి నడుస్తూ గోడు వెళ్ళబోసుకుంది. మందు కొట్టేవాళ్ళని పిలిచిందట. పెద్దావిడని మందు వాసన పూర్తిగా పోయేదాకా వేరే ఎక్కడైనా ఉంచమన్నారట. ఆవిడకి ఉబ్బసం, పైగా ఆ కుర్చీతో ఎక్కడికని పంపుతుంది? ఊరెళ్ళిన భర్త ఫోన్లో, పరుపూ మంచమూ కలిపి బయట పారేయమన్నాడు. "ఆ మంచం గడప దాటితే నేనూ దాటుతా అని కూర్చుంది మా అత్తగారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అయిపోయింది నా బతుకు."

"మందూ వద్దు, మంచం పారేయడమూ వద్దు," అంది మిషనక్క చేతులు పైకి మడుస్తూ. "ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకుంటామా? దుప్పట్లు, గలీబులు, కర్టెన్లు అన్నీ మరిగే నీళ్ళలో వేయండి. చేతికి తొడుగులుంటే ఇవ్వండి. ఒక టార్చి."

పెద్ద మూతి గొట్టం తీసి, సందుల్లోకి దూరే సన్నమూతి గొట్టం బిగించింది. పరుపు కుట్టు మీద దాన్ని ఆనించి, నత్తనడకన జరిపింది. ఇంటావిడ టార్చి పట్టుకుని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"కొంచెం తొందరగా కానివ్వకూడదూ?"

"నల్లి గుడ్డని గోళ్ళతో పట్టుకుని ఉంటుందండీ. మనం పరుగెత్తితే అది ఉన్నచోటే ఉంటుంది. ఇది ఇస్త్రీ కాదు, పేలు చూడ్డం లాంటిది."

కుట్టు అయ్యాక, గుడ్లు అంటుకున్న చోటల్లా గట్టి బ్రష్షుతో గీరి మళ్ళీ పీల్చింది. పరుపు గోడకి ఆన్చి అడుగు పక్క చూసింది. ఆ తర్వాత మంచం. టేకు మంచం అది, తలవైపు చెక్కకి పువ్వులు చెక్కి ఉన్నాయి. ప్రతి పువ్వూ ఒక గూడే. మరలు ఊడదీసి, కోళ్ళు విడదీసి, చెక్క చెక్కకీ మధ్య సందుల్లో గొట్టం పెట్టింది. డబ్బాలో చిటపట చప్పుడైనప్పుడల్లా ఇంటావిడ ఒళ్ళు జలదరించింది, కానీ టార్చి దించలేదు. పెద్దావిడ తన కుర్చీలోంచి గొట్టం ఎటు పోతే అటు చూస్తోంది.

దుప్పట్ల నీళ్ళు మరిగాయేమో చూడ్డానికి ఇంటావిడ వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడు మిషనక్క చేయి ఆగింది. గోడవైపు ఉండే పక్కచెక్క కింద, ఎవరూ వంగి చూడని చోట, సందులన్నీ ఏదో మెత్తి ఉన్నాయి. గోటితో గీరింది. సబ్బు. వాసన చూసింది. ఈ గది పక్కన బాత్రూంలో ఉన్న పసుపు సబ్బే. లోపలి పొర ఎండి పగుళ్ళిచ్చింది, పైపొర ఇంకా మెత్తగా ఉంది. ఎవరో ఎంతో కాలంగా, ఓపిగ్గా, ఆ సందులు పూడుస్తూ వచ్చారు. చెక్క చివర ఒక పిన్నీసు గుచ్చి ఉంది, నల్లులను బయటికి లాగడానికి.

మిషనక్క మిషన్ ఆపింది. "ఈ సబ్బు ఎవరు పెట్టారు పెద్దమ్మా?"

"ఏ సబ్బు?"

"ఇదిగో, ఈ సబ్బు."

పెద్దావిడ వంటింటి వైపు చూసింది. "మెల్లగా మాట్లాడు," అంది. తనూ గొంతు తగ్గించి, "అదే. ఆయా. పనిలో చేరిన కొత్తలోనే చూసింది. కోడలికి చెప్దామంది. నేనే ఒట్టు వేయించుకున్నా. రోజూ అది రాగానే తలుపేసి నల్లులను ఏరేది, సందులు పూడ్చేది. నేను కుర్చీలో కూర్చుని ఎక్కడెక్కడో చూపించేదాన్ని."

"ఎందుకమ్మా అంత దాపరికం?"

పెద్దావిడ చూపుడువేలు పైకెత్తింది. ముసలితనానికి వంకరపోయిన వేలు. "ఈ వేలు చూశావా? ఆ పిల్ల కోడలిగా వచ్చిన రోజునుంచీ ఈ వేలితో అలమరా పైన గీసి, దుమ్ము మొహం ముందు పెట్టేదాన్ని. మీ అమ్మ నీకు చీపురు పట్టడం కూడా నేర్పలేదా అనేదాన్ని. నేను తెచ్చుకున్న మంచంలోనే నల్లులని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మిషనక్క ఆ వేలు వైపు చూసి, ఆ తర్వాత పెద్దావిడ కళ్ళలోకి చూసింది. "నిన్న దాన్ని వెళ్ళగొడుతుంటే మీరు కిటికీలోంచి ఏం చూశారు?"

పెద్దావిడ ఎత్తిన వేలు ఒళ్ళోకి దించుకుంది. "ఏం చూడలేదు. అది చెప్పులేసుకుంటున్న చప్పుడు విన్నా."

వంటింట్లోంచి అడుగుల చప్పుడు. మిషనక్క గొంతు తగ్గించింది, కానీ మెత్తబరచలేదు. "మీ కోడలితో నేను చెప్పనమ్మా. అది నేను చెప్పే మాట కాదు. రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. ఎంత పీల్చినా కొన్ని గుడ్లు మిగులుతాయి, అవి పగిలి పిల్లలవుతాయి, మళ్ళీ పీల్చాలి. నాకు తొందరేం లేదు. మీరు చూసుకోండి."

వెళ్ళేముందు ఆమె మిషన్ డబ్బాలోదంతా ప్లాస్టిక్ కవర్లోకి దులిపి మూతి గట్టిగా ముడేసి, మరో కవర్లో పెట్టి మళ్ళీ ముడేసింది. "ఇది ఇంట్లో ఒక్క క్షణం ఉండకూడదు. పీల్చినవాటిని ఇంట్లోనే దాచుకుంటే పీల్చి ఏం లాభం?" అంది, ఇంటావిడతో. పెద్దావిడ ఆ మాట తనకేననుకుందో ఏమో, కళ్ళు మూసుకుంది.

మర్నాడు మళ్ళీ నల్లులు కనిపించాయి, నువ్వుగింజలంతవి, పాలిపోయినవి. ఇంటావిడ నీరుగారిపోయింది. "అయ్యో, ఇంకా ఉన్నాయే!"

"ఉండాలి. ఇవి నిన్నటి గుడ్లు. పెద్దవి కనబడ్డాయా? లేదు కదా! అంటే మనమే గెలుస్తున్నాం."

ఆ పై రోజుకి ఇంటావిడ గొట్టం తనే అందుకుంది. మిషనక్క పక్కన కూర్చుని టార్చి పట్టింది. మొదట్లో గొట్టం అటూ ఇటూ జారింది. తర్వాత కుట్టు మీద పాకుతూ పాకుతూ ఆమె చేతికి లయ దొరికింది. అత్తగారు కుర్చీలో కునుకుతున్నట్టుంది. ఇంటావిడ గొట్టం మీదినుంచి చూపు తిప్పకుండా మాట్లాడింది.

"నిజం చెప్పనా? దుమ్మంటే నాకెప్పుడూ భయం లేదు. ఆవిడ వేలంటే భయం. ఇప్పుడు ఆవిడ లేవలేదు. అయినా రోజూ పొద్దున్నే అలమరా పైన నేనే నా వేలితో గీసి చూసుకుంటా."

పెద్దావిడ కనురెప్పలు కదలడం మిషనక్క చూసింది.

"నిన్న ఏమైందో తెలుసా," అంది ఇంటావిడ. "లిఫ్టులో నేనుండటం చూసి ఆ పొడుగావిడ మెట్లెక్కి పోయింది. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా మొత్తుకునే మనిషి. ఎంత సిగ్గేసిందో! నేనేదో అంటురోగం ఉన్నదాన్నైనట్టు."

"ఆయాకీ అలాగే అనిపించి ఉంటుంది."

గొట్టం ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "అది వేరు. తెచ్చింది అదేగా."

"అది తేలేదు," అంది పెద్దావిడ.

మిషన్ హోరులో ఇంటావిడకి వినపడలేదు. "ఏంటత్తయ్యా? మంచినీళ్ళా?"

మిషనక్క పాదం చాచి స్విచ్ నొక్కింది. హోరు సన్నగా కూసి, ఆగిపోయింది. గదిలో గడియారం వినిపించింది.

"అది తేలేదు అంటున్నా," అంది పెద్దావిడ. ఈసారి గొంతు పెద్దది. "నా మంచంలోవి. అది రాకముందునుంచీ ఉన్నాయి. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. నువ్వు అంత మాటన్నా అది నోరెత్తలేదు. నా పరువు కోసం. నేను మాత్రం కిటికీలోకి చూస్తూ కూర్చున్నా."

ఇంటావిడ గొట్టం పట్టుకునే మంచం పట్టీ మీద కూర్చుండిపోయింది. అత్తగారిని చూసింది, మంచాన్ని చూసింది. ఆమె మొహంలో ముందు కోపం వచ్చింది. అది అక్కడే నిలబడలేక ఇంకేదో అయింది. ఆఖరికి, ఆ ఇద్దరూ ఊహించని విధంగా, ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నేళ్ళు, అత్తయ్యా," అంది. "ఇన్నేళ్ళు చంపారు నన్ను!"

"అవును," అంది పెద్దావిడ. "చంపాను."

నవ్వు తగ్గాక ఇంటావిడ లేచింది. "దాని ఇల్లెక్కడో కూడా నాకు తెలీదు."

"నాకు తెలుసు," అంది పెద్దావిడ. "టైర్ల షాపు వెనక సందులో నీలం గేటు. ఇద్దరాడపిల్లలు. చిన్నదానికి లెక్కలంటే భయం. మొగుడు లారీ మీద ఉంటాడు, వారానికోసారి వస్తాడు. వెళ్ళు. వెళ్ళి, నేనే చెప్పానని చెప్పు. లేకపోతే అది ఇంకా ఒట్టు మీదే ఉంటుంది."

నీలం గేటు తీసే ఉంది. ఆయా పెరట్లో తీగ మీద బట్టలారేస్తోంది. గేట్లో ఇంటావిడనీ మిషనక్కనీ చూసి చేతిలోని గౌను దులిపి, క్లిప్పులు పెట్టి, అప్పుడు ఇటు తిరిగింది. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోంచి ఒకే గది కనిపిస్తోంది. సున్నం కొట్టిన గోడ, మడిచి పెట్టిన పరుపులు, వాటి మీద పుస్తకాల సంచులు. ఇంటావిడ చూడకూడదనుకుంటూనే చూసింది. వేలితో గీసినా ఏమీ అంటని గది.

"తప్పు నాది," అంది ఇంటావిడ. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఆ ఒక్కటే మిగిలింది. "అందరి ముందూ అన్నాను. అందరి ముందే చెప్తాను. వస్తూ వస్తూ మొదటి అంతస్తులో చెప్పే వచ్చా. వాళ్ళు రేపట్నుంచి రమ్మంటున్నారు."

ఆయా ఆ మాట పట్టించుకోలేదు. "పెద్దమ్మగారే చెప్పారా?"

"ఆవిడే. తన నోటితోనే."

ఆయా గట్టిగా ఊపిరి వదిలింది. తీగకి ఆనుకుంది. "బతికించారు. ఒట్టు మోయడం కంటే ఆవిడని ఎత్తి మంచమ్మీద వేయడమే తేలిక."

"మరి రేపు వస్తావా?"

ఆయా బకెట్లోంచి ఇంకో గుడ్డ తీసి పిండింది, నీళ్ళన్నీ కారేదాకా పిండింది.

"వస్తానో రానో రేపు చెప్తానమ్మా. ముందు మీ ఇల్లు చూడాలి."

"నా ఇల్లా?"

"నా పిల్లలు నా పక్కలోనే పడుకుంటారు. మీ ఇంటినుంచి ఒక్క నల్లి నా వెంట వచ్చిందంటే ఈ గదిలో మాకు నిద్రుండదు. ఇన్నాళ్ళూ ఈ గేటు దగ్గరే బట్టలు మార్చుకుని, సంచి వేడినీళ్ళలో ముంచి, అప్పుడు లోపలికి వెళ్ళేదాన్ని. ఇంక నావల్ల కాదు. మంచం చూస్తా, పరుపు చూస్తా, హాలూ చూస్తా. బాగుందనిపిస్తే వస్తా."

మిషనక్క నవ్వాపుకోలేక పక్కింటి గోడ వైపు తిరిగింది. ఇంటావిడ మొహం ఎర్రబడింది. ఆ మాటలో తప్పుపట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు.

"న్యాయమే," అంది నెమ్మదిగా. "చూసుకోండి."

ఆ 'అండి' ఆమె నోటికే కొత్తగా తగిలింది. ఆయా చేతిలోని గుడ్డ ఒక్క లిప్తపాటు ఆగి, తీగ మీదికి వెళ్ళింది.

మర్నాడు ఆయా సంచి లేకుండా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, మిషనక్క దగ్గర టార్చి తీసుకుని, తిన్నగా గదిలోకి వెళ్ళింది. పెద్దావిడ ఆత్రంగా ముందుకి వంగింది. ఆయా ఒక్క తల ఊపు ఊపి, ముందు మంచం పనే చూసింది. పరుపు ఎత్తి నాలుగు అంచులూ చూసింది. నేల మీద వెల్లకిలా పడుకుని పక్కచెక్క కిందికి దూరింది. చెక్కిన పువ్వుల్లో వెలుగు వేసి ఒక్కో రేకూ చూసింది. ఇంటావిడ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా.

"ఏమే, ఉన్నాయా?" అంది పెద్దావిడ ఆగలేక.

"లేవు."

"సరిగ్గా చూడు. మొహమాటపడకు."

"మొహమాటమా? నాకా?" అంది ఆయా మంచం కిందినుంచే. బయటికి వచ్చి దుమ్ములేని మోకాళ్ళు దులుపుకుని, అప్పుడు పెద్దావిడ కుర్చీ దగ్గరకి వెళ్ళింది. పెద్దావిడ ఆమె మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పబోయింది.

"తెలుసులెండి," అంది ఆయా. "కానీ ఇంకెప్పుడూ నా దగ్గర ఒట్టు తీసుకోకండి."

పెద్దావిడ తలూపింది.

హాల్లో వరసగా నిలబడ్డ దిండ్లని ఆయా ఒక్కొక్కటే ఎత్తి చూసింది. చివరిదాని కుట్టులో వేలు పెట్టి, "ఇక్కడ ఇంకోసారి పట్టాలి," అంది. మిషనక్క గొట్టం అందించబోతే ఇంటావిడే అందుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా, నత్తనడకన, ఆయా చూపించిన చోటల్లా నడిపింది. ఆయా టార్చి పట్టింది.

"సరే," అంది ఆయా చివరికి. "రేపట్నుంచి వస్తా. ఇవాళ చిన్నదాని స్కూల్లో పనుంది."

లిఫ్టు దాకా ఇంటావిడ కూడా వచ్చింది. ఆ చప్పుడుకి ఎదురు తలుపు తెరుచుకుని పొడుగావిడ తల బయటికి పెట్టింది. ఆయాని చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"అదేంటి! నల్లులు తెచ్చిన మనిషిని మళ్ళీ లోపలికి రానిచ్చారా?"

"నల్లులు మావేనండీ," అంది ఇంటావిడ, నడవా చివరి ఫ్లాటు దాకా వినపడేలా. "ఈవిడ మా ఇల్లు ఎలా ఉందో చూడ్డానికి వచ్చారు. పరవాలేదన్నారు. రేపటినుంచి వస్తారు."

పొడుగావిడ తెరిచిన నోరు అలాగే ఉంది. లిఫ్టు వచ్చింది. ఇంటావిడ ముందుకి వంగి తలుపు పట్టుకుంది, ఆయా లోపలికి నడిచేదాకా.